పోశవ్వ బిరడా

నాకు కోపం ఎక్కువని మా చుట్టాలందరూ అంటారు. మా అత్త పోశవ్వను చూడనివాళ్ళు అనే మాట అది. నా కోపం పాలపొంగు, ఎంత తొందరగా లేస్తుందో అంత తొందరగా దిగుతుంది. ఆమె కోపం అట్లా కాదు. ఎనిమిదేళ్ళు దాన్ని కడుపులో పెట్టుకుని, రోజూ ఇంత మేత వేసి, బాగా బలిసిన తర్వాత బయటికి వదిలింది. ఎవరి మీద వదిలిందో, ఎందుకు వదిలిందో చెప్తాను. చెప్పేటప్పుడు నోరు జారితే ఏమీ అనుకోకండి. వాడిని మర్యాదగా పిలవడం మాత్రం నా వల్ల కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది, యాభై ఆరులో, మా అత్త మెదక్ దిక్కు నుంచి హైదరాబాద్ వచ్చింది. అంతకు ముందు ఏడే మా మామ జ్వరంతో పోయాడు. చేస్తున్న కౌలు పొలం ఇంకొకరికి పోయింది. పద్నాలుగేళ్ళ కొడుకు ప్రహ్లాద్‌ను వెంటబెట్టుకుని నాంపల్లి స్టేషన్‌లో దిగి, స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకుంది. ఆ ప్రహ్లాదే తర్వాత నా మొగుడయ్యాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. మంచివాడే గానీ నోట్లో నాలుక లేని మనిషి. మా ఇంట్లో నాలుకలు ఇద్దరికే ఉన్నాయి, అత్తకూ నాకూ.

ఆబిడ్స్‌లో శ్రీపతి సేటు వైన్ దుకాణం ఉండేది. దాని గోదాం మాత్రం నాంపల్లిలో, మా గదికి నాలుగడుగుల దూరంలో. బొంబాయి నుంచి ఎర్ర ద్రాక్ష వైన్ పీపాల్లో రైలు మీద వచ్చేది. గోదాంలో దాన్ని సీసాల్లోకి ఎత్తి, బిరడాలు కొట్టి, లక్క వేసి దుకాణానికి పంపేవాళ్ళు. అత్త మొదట సీసాలు కడిగే పనికి కుదిరింది. రెండేళ్ళకు సేటే పక్కన కూచుని ఆమెకు బిరడా పని నేర్పాడు. పాతకాలం మనిషి, పనివాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడు. ఒక కొయ్య సుత్తి ఆమె చేతిలో పెట్టి, "ఇది నీదే పోశవ్వా, ఎవ్వరికీ ఇయ్యకు" అన్నాడట.

బిరడా కొట్టడం అంటే రోట్లో పచ్చడి నూరడం అనుకునేదాన్ని నేను. కాదు. ముందు బిరడాలు గోరువెచ్చని నీళ్ళలో నానాలి. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి చూడాలి. మెత్తగా నలిగేది పనికిరాదు, రాయిలా ఉండేదీ పనికిరాదు. సీసా మూతి మీద నిలబెట్టి సుత్తితో మూడే దెబ్బలు. నాలుగో దెబ్బ పడిందంటే చెయ్యి తప్పినట్టే. ఆ సీసాలను మూడు రోజులు అడ్డంగా పడుకోబెట్టి, కింద పరిచిన గోనెపట్టా తడిసిందా లేదా అని అత్త మోకాళ్ళ మీద వంగి తడిమి చూసేది. తడవకపోతే అప్పుడు కుంపటి మీద లక్క కరిగించి, సీసా మూతిని అందులో ముంచి, వేడి మీదనే బొటనవేలితో ఒత్తేది.

ఆ వేలి గుర్తు ఆ గోదాం ఆచారం. సీసా కారినా, లోపలిది పులిసినా, ఎవరి వేలుంటే వాళ్ళదే జవాబు. మా అత్త బొటనవేలికి చిన్నప్పుడు వరి కోస్తుంటే పడ్డ కొడవలి గాటు ఉండేది. అందుకని లక్క మీద ఆమె గుర్తు అడ్డగీతతో పడేది. దుకాణానికి వచ్చేవాళ్ళు, "గీత వేలుదే ఇయ్యండి" అని అడిగి తీసుకునేవాళ్ళు. చదువూ సంధ్యా లేని ఆడమనిషి వేలును ఆబిడ్స్‌లో పెద్దమనుషులు అడిగి మరీ కొనుక్కుపోతున్నారంటే ఆమెకు గర్వం ఉండదా? ఉండేది. తల ఎత్తుకుని నడిచేది.

వాళ్ళందరిలో నాంపల్లి కోర్టు వకీలు అమరేశ్వరరావు గారి తంతు చూసి తీరాలి. సీసా కొని అక్కడే బిరడా తీయించేవాడు. ముందు వైన్ చూడడు, బిరడా చూస్తాడు. వెలుతురుకు ఎత్తి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. తర్వాత దాన్ని కోటు జేబులో వేసుకుని పోతాడు. వాళ్ళింట్లో ఒక గాజు జాడీ నిండా బిరడాలేనట. మా అత్త ఒక్కసారి ఆ వైన్ నాలుక మీద వేసుకుని చూసి, "బెల్లం తక్కువైన చింతపులుసు లెక్కున్నది. దీనికి గింత పూజ ఏందో" అంది. కానీ సీసాలు ఇవ్వడానికి దుకాణానికి పోయినప్పుడు బిరడాను ఆయన అట్లా చూస్తుంటే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయేది.

నేను అరవై మూడులో కోడలిగా వచ్చాను. మరుసటి ఏడు శ్రీపతి సేటుకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. దుకాణం మీదికి అల్లుడు దిగాడు. పేరు విద్యాసాగర్. పేరులోనే ఉంది విద్య.

వాడు వచ్చిన నెలకే గోదాంకు ఒక సంచి బిరడాలు పంపాడు. అత్త ఒకటి నానబెట్టి, నొక్కి, గోటితో గీరి చూసింది. నడిమధ్య మైనంతో పూడ్చిన రంధ్రం. హోటళ్ళలో ఒకసారి తీసేసిన బిరడాలను ఉడకబెట్టి, తీసేటప్పుడు స్క్రూ దిగిన చోట మైనం కూరి మళ్ళీ అమ్ముతున్నారన్నమాట. వీడు చవగ్గా దొరికాయని కొనుక్కొచ్చాడు.

"గివి వాడిన బిరడలు సారూ. వద్దు" అంది అత్త.

"నువ్వు కొట్టు. నీ చేతి కింద ఏదైనా నిలుస్తదని మా మామ చెప్తడు కద" అన్నాడు వాడు.

ఇక్కడ మా అత్త తప్పు చేసింది. నేను దాచను. ఆ మాట ఆమెకు తీపిగా తగిలింది. నా చేతి కింద నిలవని బిరడా ఉంటుందా అనుకుంది. మూడు దెబ్బలకు బదులు ఐదు కొట్టింది. గోనెపట్టా తడవలేదు. లక్క వేసింది. లక్క వేశాక వేలు వేయకుండా ఉండలేకపోయింది. గుర్తు లేని సీసా గడప దాటడం ఆమెకు కొత్త. తెలిసి తెలిసీ, పనికిరాని బిరడాల మీద తన వేలు వేసింది.

రెండు నెలల తర్వాత ఒక జడ్జి గారు రిటైరైతే వకీళ్ళంతా విందు చేశారు. అమరేశ్వరరావు గారిదే పెత్తనం. సీసాలన్నీ సేటు దుకాణంవే. బేరర్లు తెరిచి పోస్తుంటే ఒక్కొక్కటీ పులిసిన కంపు. మైనం కరిగి, గాలి దూరి, లోపలంతా పాడైపోయింది. జడ్జి గారు ఒక గుక్క తాగి రుమాల్లో ఉమ్మేశాడట.

మరునాడు మధ్యాహ్నం నేను అత్తకు సద్ది తీసుకుని గోదాంకు పోతే, ఆమెను ఆబిడ్స్ దుకాణానికి పిలిచారన్నారు. టిఫిన్ డబ్బాతోనే అక్కడికి పోయాను. గడప మీద వకీలు నిప్పులు కక్కుతున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళందరూ ఆగారు. విద్యాసాగర్ మా అత్త చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, బొటనవేలు పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు.

"చూడున్రి, గిదే వేలు! ఏం ముట్టుకుని వచ్చి కొడతదో ఏమో, మురికి చెయ్యి!"

"బిరడలు పాతవి సారూ. నేను చెప్పిన మీకు" అంది అత్త.

"పాతవని తెలిస్తే నీ వేలెందుకు ఏసినవ్?"

అత్త తన బొటనవేలు వైపు చూసుకుంది. ఏమంటుంది? వేలు తనదే.

వాడు బల్ల మీదున్న సీసా ఎత్తి, ఆ పులిసిన వైన్ ఆమె రెండు చేతుల మీద ఒంపాడు. "కడుక్కో. ఇంక గోదాం మొహం చూడకు" అన్నాడు. ఆమె నడుముకు దోపుకున్న కొయ్య సుత్తి లాగి మోరీలో విసిరేశాడు. ఎర్ర నీళ్ళు ఆమె మోచేతుల దాకా కారి చీర మీద పడ్డాయి. జనం నవ్వారు. నా అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, అప్పటికి కొత్త కోడలిని. నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. మోరీలో చెయ్యి పెట్టి ఆ సుత్తి తీసి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక అత్త ఏడవలేదు. చేతులు కడుక్కోలేదు కూడా. అట్లాగే కూచుని, "నర్మదా, వాడు నన్ను ఏ గడపల నిలబెట్టిండో గదే గడపల నిలబడి, గట్లనే మంది ముంగట, తప్పు నాది, పోశవ్వ చేతిది కాదు అని చెప్పాలె. చెప్పేదాంక నేను చావ" అంది.

ఆ మాట బయటివాళ్ళకు ఉత్త పౌరుషంలా ఉంటుంది. మాకు కాదు. వారం తిరిగేసరికి నాంపల్లి అంతా ఆమెకు పులుపుచేతి పోశవ్వ అని పేరు పెట్టింది. ఏ దుకాణమూ పని ఇవ్వలేదు. మా గది యజమానురాలు జానకమ్మ ప్రతి ఎండాకాలం మామిడికాయ పచ్చడి మా అత్త చేతనే కలిపించుకునేది. ఆ ఏడాది కబురు రాలేదు. అత్త తనే పోయి అడిగితే, "ఈసారి మేమే కలుపుకున్నం పోశవ్వా" అని జాడీ పక్కకు జరిపిందట. ముట్టుకుంటే బూజు పడుతుందని. ఆ రోజు మాత్రం అత్త గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను జానకమ్మ గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినన్ని తిట్టాను. కిరాయి ఇల్లు పోతుందని మా ఆయన నన్ను లోపలికి లాక్కొచ్చాడు.

చివరికి మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల దుకాణంలో పని దొరికింది. సీతాఫలాలు, బత్తాయిలు ఏరి బుట్టలకెత్తడం. మార్కెట్ నుంచి మా ఇంటికి తిన్నగా వస్తే పావుగంట. ఆమె తిన్నగా ఎప్పుడూ రాలేదు. రోజూ ఆబిడ్స్ మీదుగా చుట్టు తిరిగి, ఆ దుకాణం ఎదురుగా ఆగి, గల్లా పెట్టె దగ్గర కూచున్న వాడి మొహంలోకి చూసేది. తిట్టేది కాదు, కదిలేది కాదు. ఊరికే చూసి వచ్చేసేది. కొన్నాళ్ళకు వాడు కుర్చీ లోపలికి జరుపుకున్నాడు. అత్త ఇంకో నాలుగడుగులు ముందుకొచ్చి చూసేది. ఎండైనా వానైనా ఎనిమిదేళ్ళు. ఈ మధ్యలో శ్రీపతి సేటు పోయాడు. దుకాణం పూర్తిగా వాడి చేతికొచ్చింది.

డెబ్బై రెండు మొదట్లో వాడు బిరడాలు మానేసి అల్యూమినియం మర మూతలు తెచ్చాడు. తిప్పితే వచ్చేవి, తిప్పితే పడేవి. దుకాణం ముందు పెద్ద బోర్డు పెట్టించాడు. కుర్రకారుకు నచ్చాయి. స్క్రూ అక్కర్లేదు, బిరడా విరిగి లోపల పడదు, సగం తాగి మూసి పెట్టుకోవచ్చు. పాతవాళ్ళు మాత్రం మొహం చిట్లించుకున్నారు. "ఏమయ్యా, దగ్గుమందు అమ్ముతున్నావా? చెంచా కూడా ఇస్తావా?" అన్నాడట వకీలు అమరేశ్వరరావు. బిరడా తీసినప్పుడు వచ్చే చప్పుడు లేకపోతే విందు మొదలైనట్టే ఉండదని వాళ్ళ బాధ.

నిజం చెప్పాలంటే నాకు మర మూతే మంచిదనిపించింది. కారదు, పులియదు, ఎవరి పేరూ చెడదు. ఒకటి తెచ్చి అత్తకు చూపించి ఆ మాటే అన్నాను. ఆమె దాన్ని పదిసార్లు తిప్పి తీసి, తిప్పి పెట్టి చూసింది.

"మంచిదే. ఎవ్వరైనా తియ్యొచ్చు, ఎవ్వరైనా పెట్టొచ్చు. ఎవరు చేసిన్రో ఎవరికి ఎరుక? జవాబు చెప్పేటోడే లేడు దీంట్ల. వాడు తెచ్చిండంటే గందుకే తెచ్చిండు" అంది.

ఏప్రిల్‌లో వకీళ్ళ సంఘం వాళ్ళు జూన్‌లో పెద్ద విందు పెట్టుకున్నారు. రెండు వందల నలభై సీసాలు కావాలన్నారు. అన్నిటికీ బిరడా ఉండాలి, లక్క ఉండాలి, పాత పద్ధతిలో వేలి గుర్తు ఉండాలి. మర మూతైతే వద్దు, బొంబాయి నుంచి తెప్పించుకుంటామన్నారు. పాత గిరాకీ అంతా వకీళ్ళదే. అది పోతే దుకాణం పరువు పోయినట్టే. కానీ హైదరాబాద్ మొత్తంలో చేత్తో బిరడా కొట్టేవాళ్ళు ఎవరున్నారు? ఒక ముసలాయన ఉండేవాడు, పోయాడు. ఇంక మిగిలింది ఒక్కతే.

వచ్చాడండీ వాడు మా గదికి. పట్టపగలు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నేను చీపురు అందుకున్నాను. అత్త కళ్ళతోనే ఆపి, మంచం చూపించి కూచోమంది.

"పోశవ్వా, జరిగిందేదో జరిగింది. నువ్వొచ్చి పని చెయ్యి. ఏమడిగినా ఇస్త" అన్నాడు.

"చేస్త సారూ. కొత్త బిరడలు తెప్పించున్రి. నేను కొట్టేటప్పుడు గోదాంల ఎవ్వరూ ఉండొద్దు. లక్క ఏసే దినం మీరు రావాలె. వేలు మీదే ఏయాలె."

"నా వేలా? ఎందుకు?"

"నాది మురికిది గద సారూ. మీరే చెప్పిన్రు."

వాడు, యజమాని వేలుంటే ఇంకా గొప్పగా ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకుని, సరేనన్నాడు. వాడు పోయాక నేను అత్త మీద విరుచుకుపడ్డాను. "సిగ్గు లేదా అత్తా? వాడి సీసాలకు మళ్ళీ బిరడాలు కొడతావా?" అన్నాను. అత్త అటక మీది సుత్తి తీసి కొంగుతో తుడుచుకుంది.

వారం రోజులు గోదాంలో ఒక్కతే కొట్టింది. సీసాలు మూడు రోజులు పడుకోబెట్టింది. తర్వాత లక్క రోజులు వచ్చాయి. ఆమెకు సద్ది తీసుకుపోయి నేనూ అక్కడే కూచున్నాను. ఆ వినోదం ఎవరు వదులుకుంటారు? మే నెల ఎండ, పక్కన కుంపటి, కుంపటి మీద కుతకుత ఉడికే లక్క. అత్త సీసా ముంచి తీసి వాడి ముందు పెడుతుంది. వాడు బొటనవేలితో ఒత్తి, "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకుంటాడు. వెంటనే ఇంకో సీసా. వేలును చన్నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే ఒత్తితే కాలదు. అది మా అత్తకు తెలుసు. నీళ్ళ గిన్నె ఆమె మోకాలి పక్కనే ఉంది. చెప్పలేదు.

"నీకెప్పుడూ కాలకపోయేనా పోశవ్వా?" అన్నాడు వాడు కళ్ళనీళ్ళతో.

"అలవాటైతది సారూ. పెట్టున్రి, ఆరిపోతున్నది."

రెండు వందల నలభై సీసాలు, మూడు రోజులు. వేలు బొబ్బలెక్కి పగిలింది. నాకు ఎంత సంతోషమైందో చెప్తే పాపం అంటారు. అనండి.

చివరి సీసా అయ్యాక అత్త లేచి, సుత్తి నడుముకు దోపుకుని, గోదాం మూల చూపించింది. "ఆ మూల మీ పాత సంచి ఉండె గద సారూ, ఆ వాడిన బిరడలది. సగం మిగిలి ఉండె. అది గూడ అయిపోయింది" అంది.

వాడు మూలకు చూశాడు. బొంబాయి కొత్త సంచీ ఖాళీయే, పాత సంచీ ఖాళీయే. రెండు సంచుల్లో ఒక్క బిరడా లేదు.

"అంటే? వీటికి ఏవి కొట్టినవ్?"

"బిరడలు కొట్టిన సారూ."

"ఏ బిరడలని అడుగుతున్న!"

"తెరిచి చూస్కోరాదున్రి. వేళ్ళన్నీ మీవే గద" అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

అదీ మా అత్త చేసిన పని. మర మూతైతే వాడు తిప్పి చూసి మళ్ళీ తిప్పి పెట్టుకునేవాడు. బిరడా అట్లా కుదరదు. ఏది కొట్టారో తెలియాలంటే తీయాలి, తీస్తే ఆ సీసా పోయినట్టే. మళ్ళీ కొట్టేవాళ్ళెవరు? వాడు ఏడు సీసాలు తెరిచాడట. ఏడింటికీ కొత్త బిరడాలే. ఐతే ఎనిమిదోది? ఎనభయ్యోది? బిరడా కొత్తదో పాతదో లక్క కింద ఎవరికి కనబడుతుంది? పులిస్తే విందు రోజునే తెలుస్తుంది. అప్పుడు వకీళ్ళందరి ముందూ ఆ మూతుల మీద ఉండేది వాడి బొటనవేలు.

మరునాటి నుంచి మా గుమ్మం ముందు వాడే. అత్త బియ్యం ఏరుతూ కూచునేది. వాడు నిలబడే మాట్లాడేవాడు. మొదటి రోజు బెదిరించాడు. రెండో రోజు తిట్టాడు. నాలుగో రోజు పచ్చనోట్లు తీశాడు. అత్త చేటలోంచి తలెత్తలేదు. పది రోజులకు వాడి మొహం పీక్కుపోయింది.

"ఏం కావాలె నీకు? చెప్పరాదూ!" అన్నాడు చివరికి.

అప్పుడు చేట పక్కన పెట్టింది. "గదే గడప. గదే పగటి వేళ. వకీలు సాబ్ ఉండాలె, మంది ఉండాలె. ఆ దినం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పున్రి. చెప్పినంక నేను ఏం కొట్టిన్నో చెప్త."

"నా ఇజ్జత్ పోతది పోశవ్వా."

"నాది పొయ్యి ఎనిమిదేండ్లాయె. నేను బతుకుతలేనా?"

ఇంకో ఐదు రోజులు గింజుకుని ఒప్పుకున్నాడు. ఆ రోజు మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చాడు. జానకమ్మను నేనే బలవంతంగా రిక్షా ఎక్కించాను, వినాలి కదా. ఆబిడ్స్ దుకాణం గడప మీద అమరేశ్వరరావు గారు చేతికర్ర పట్టుకుని, ఇదేమి వింతరా అన్నట్టు నిలబడ్డారు. రోడ్డు మీద జనం ఆగారు. జనానిదేముంది, అప్పుడూ ఆగారు.

విద్యాసాగర్ నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. "ఆ బిరడలు... నేనే తెచ్చిన. వాడినవి. పోశవ్వ వద్దన్నది. నేనే కొట్టమన్న."

"గట్టిగ" అంది అత్త.

"తప్పు నాది! పోశవ్వ చేతిది కాదు!" అని అరిచాడు వాడు. ఆ గొంతు విని ఎదురుగా చెప్పుల దుకాణం వాడు కూడా బయటికొచ్చాడు.

అత్త రెండు చేతులూ ముందుకు చాపింది. "నీళ్ళు పొయ్యున్రి" అంది. వాడికి అర్థం కాలేదు. నేను తెచ్చిన చెంబు వాడి చేతిలో పెట్టాను. వాడు వంగి, ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు. అత్త మోచేతుల దాకా రుద్దుకుంది, ఎనిమిదేళ్ళ కింద ఎక్కడిదాకా కారిందో అక్కడిదాకా. ఎవరూ నవ్వలేదు.

వకీలు గారు ముందుకొచ్చి, "పోశవ్వా, నేను కూడా ఆ రోజు తొందరపడ్డాను. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

అత్త ఆయన వైపు తిరిగింది. ఆయన మీద కూడా ఇంత కోపం దాచి పెట్టుకుందని నాకు అప్పటిదాకా తెలియదు. "మీరు పెద్దోళ్ళు సాబ్. దినాం బిరడ వాసన చూసి జేబుల ఏసుకుంటిరి. ఆ దినం ఒక్క బిరడనన్న పట్టి చూసిన్రా? నడుమ తూటు ఎవ్వలికైనా కనబడుతుండె. మీరు నా వేలు చూసిన్రు, అంతే" అంది. ఆయన చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

అప్పుడు విద్యాసాగర్ మెల్లగా, "ఇప్పుడు చెప్పు. ఏవి కొట్టినవ్?" అన్నాడు.

"అన్నీ బొంబాయివే. ఏరి ఏరి మంచియే కొట్టిన. ఏరంగ మిగిలినయి, నీ వాడిన బిరడలు, అన్నీ కలిపి కుంపట్ల ఏసిన. ఆ మంట మీదనే లక్క కరిగె. ఆ లక్కనే నీ వేలు కాల్చింది."

వాడు బొబ్బలు ఆరని బొటనవేలు వైపు చూసుకున్నాడు. "అయితే... నేను చెప్పకపోయినా సీసాలు మంచిగనే ఉండేవా?"

"ఔ" అంది అత్త.

వాడు గడప మీదనే చతికిలబడ్డాడు. జనం అప్పుడు నవ్వారు. నేనైతే పొట్ట పట్టుకుని నవ్వాను. జూన్‌లో విందు జరిగింది. ఒక్క సీసా కూడా పులియలేదు.

ఇంటికి వస్తుంటే దారిలో జానకమ్మ నసుగుతూ, "ఈ ఏడు పచ్చడి ఇంకా కలపలే పోశవ్వా, కాయలు తెప్పించిన" అంది. అత్త ఆగకుండానే, "ఎనిమిదేండ్లు మీరే కలుపుకుంటిరి గద జానకమ్మా. చెయ్యి అలవాటై ఉంటది" అంది. జానకమ్మ రిక్షాలో ముడుచుకు కూచుంది.

గదికి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "అత్తా, నిజం చెప్పు. ఒక్కటి కూడా పాత బిరడా కొట్టాలనిపించలేదా నీకు? వాడు సర్వనాశనం అయిపోయేవాడు కదా."

అత్త గోడకు ఒరిగి కూచుంది. "ఒక్కటేంది పిల్లా. అన్నీ గవే కొడదామని పోయిన. మొదటి దినం నీ సద్ది వచ్చేదాంక పాత బిరడ సీసా మీద పెట్టి, సుత్తి పట్టుకుని కూసున్న. చెయ్యి లేవలే. మస్తు తిట్టుకున్న, ఏడ్చిన, ఎనిమిదేండ్ల సంది దీనికోసమే కద బతికినవ్, కొట్టు అనుకున్న. లేవకపాయె. నా చెయ్యే నాకు దుశ్మన్ అయింది."

అంటూ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, అదేదో మాట వినని మనిషైనట్టు చూసింది. వాడు చెడకుండా బయటపడ్డాడన్న ఉక్రోషం ఆమెకు పోలేదు. చనిపోయేదాకా పోలేదు. కానీ మరునాడు మార్కెట్ నుంచి ఆమె ఎండ ఉండగానే ఇల్లు చేరింది. ఒంట్లో బాగాలేదా అని నేను కంగారుపడ్డాను. "తిన్నగ వచ్చిన" అంది.